సింగరేణి అనే ఊరు ఎక్కడుంది? మన బాయిల పేర్ల కథ



ఇవ్వాళ పంట మాట లేదు, మార్కెట్ల ధర మాట లేదు. హోటల్ కాడ చాయ్ తాగుతుంటే ఎవరో ఒకరు చిన్న ప్రశ్న వేస్తరు చూడుండ్రి, జవాబు తెల్వకపోతే ఏ పనీ ఆగదు, తెలిస్తే మాత్రం మనసుకు ఖుషీ అయితది. అసొంటి ప్రశ్న గురించే ఈ పోస్టు. కొంచెం పొడుగు ఉంటది, తీరిగ్గ సదువుండ్రి.

గోదావరిఖనిల బొగ్గు తీస్తున్నరు. మందమర్రిల, శ్రీరాంపూర్ల, భూపాలపల్లిల తీస్తున్నరు. కంపెనీ పేరు మాత్రం సింగరేణి. పిల్లలు అడుగుతరు: "తాతా, సింగరేణి అంటే ఏంది? ఊరా, మనిషా, దేవతా?" పెద్దోళ్లలో కూడా చాలామంది సింగరేణి అంటే బొగ్గుకు ఇంకో పేరు అనుకుంటరు.

సింగరేణి ఒక ఊరు. ఖమ్మం జిల్లాలో ఉన్నది. మన దిక్కు నుంచి పోవాలంటే వరంగల్ దాటాలె, మహబూబాబాద్ దాటాలె. దాని పేరు మీద మండలమే ఉన్నది, గని ఆ మండలం ఆఫీసులు కారేపల్లిలో ఉంటయి కాబట్టి అక్కడి జనం కారేపల్లి మండలం అనే అంటరు. అంటే దేశమంతా తెలిసిన పేరు, తన సొంత మండలంలోనే పక్క ఊరి పేరు చాటుకు పోయింది.

మరి ఆ ఊరి పేరు మన దాకా ఎట్ల వచ్చింది? అక్కడి పెద్దలు ఒక కథ చెప్తరు. భద్రాచలం రాముని దర్శనానికి పోయేటోళ్లు దారిలో వంటకు రాళ్లతో పొయ్యి పెట్టుకుంటే, ఆ నల్ల రాళ్లు గూడ కట్టెల లెక్క అంటుకున్నయట. కథ సంగతి అట్లుంచితే, కాయిదాల మీద ఉన్న సంగతి ఇది: 1871లో భారత భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ అనే ఆయన ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించిండు. ఇప్పటికీ ఒక బొగ్గు పొరను కింగ్ సీమ్ అని ఆయన పేరుతోనే పిలుస్తరు. ఆ బొగ్గు క్షేత్రానికి దగ్గర్లో ఉన్న ఊరు సింగరేణి, అందుకని దాన్ని సింగరేణి బొగ్గు క్షేత్రం అని రాసిండ్రు. పేరు పుట్టింది అక్కడ.

బొగ్గు తవ్వే హక్కును నిజాం సర్కారు ఒక ఇంగ్లండు కంపెనీకి ఇచ్చింది. 1886లో అక్కడ పెట్టిన ఆ కంపెనీ పేరు హైదరాబాద్ దక్కన్ కంపెనీ. ఆ హక్కుల బేరంలో, షేర్ల అమ్మకంలో గోల్‌మాల్ జరిగిందని పెద్ద గొడవ అయ్యి, 1888లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ వేసి విచారణ చేసింది. మన నేల కింది బొగ్గు గురించి లండన్‌లో పంచాయితీ అయింది, ఇల్లెందు పక్క రైతుకు మాత్రం ఆ ముచ్చట తెలిసి ఉండదు. 1889 నుంచి బొగ్గు పైకి రావడం మొదలైంది. డోర్నకల్ నుంచి ఇల్లెందు దిక్కు రైలు పట్టాలు పడ్డయి. నిజాం రైళ్లకు, మిల్లులకు ఆ బొగ్గే ఆధారమైంది.

1920 డిసెంబరు 23న పాత కంపెనీ ఆస్తులు అప్పులు అన్నీ తీసుకొని కొత్త కంపెనీ పుట్టింది. దానికి పెట్టిన పేరే సింగరేణి కాలరీస్. ఏటా డిసెంబరు 23న సింగరేణి దినోత్సవం చేసేది అందుకే. 1945లో నిజాం సర్కారు మెజారిటీ షేర్లు కొన్నది. ఇప్పుడు 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది.

ఇగ ఇక్కడ చూడుండ్రి. బొగ్గు ఎటు దొరికితే కంపెనీ అటు నడిచింది. 1920ల చివరికి బెల్లంపల్లికి వచ్చింది, 1937లో కొత్తగూడెం, 1960ల మొదట్ల మన రామగుండం. పెద్దాఫీసు కొత్తగూడెంల పడ్డది. 2025లో ఒడిశాలో నైని అనే కాడ గూడ సింగరేణి బొగ్గు తీయడం మొదలుపెట్టింది. పేరు మాత్రం ఆ చిన్న ఊరిదే. 2016లో కొత్త జిల్లాలు చేసినప్పుడు ఇల్లెందు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి పోయింది, సింగరేణి మండలం ఖమ్మంలనే ఉండిపోయింది. బొగ్గు ఒక జిల్లాలో, పేరు ఒక జిల్లాలో. ఇంకో తమాషా ఏందంటే, నిజంగా బొగ్గు దొరికిన ఇల్లెందును అక్కడి జనం ఇప్పటికీ బొగ్గుట్ట అంటరు. లోకానికి సింగరేణి, ఊరోళ్లకు బొగ్గుట్ట.

రెండో ప్రశ్న. మన తోవల మీద బోర్డులు చూస్తుంటం: జీడీకే, కేటీకే, పీవీకే, వీకే, ఆర్కే. చివర్ల ఆ "కే" ఏంది? అది ఖని. జీడీకే అంటే గోదావరిఖని. కేటీకే అంటే భూపాలపల్లి దిక్కు కాకతీయ ఖని. పీవీకే కొత్తగూడెంల పద్మావతి ఖని, వీకే వెంకటేశ్ ఖని. ఆర్కే రవీంద్ర ఖని, ఆ పేరుతో మంచిర్యాల దాటినంక రైల్వే స్టేషనే ఉన్నది. బెల్లంపల్లిలో శాంతిఖని. ఖని అంటే గని. ఇంత పెద్ద పట్నం పేరును విడదీస్తే "గోదావరి ఒడ్డు బొగ్గు గని" అనే అర్థం తప్ప ఇంకేం లేదు. రైలు టికెట్ మీద ఆ పేరు గూడ ఉండదు, రామగుండం అనే ఉంటది.

రామగుండం పేరు అంతకన్నా శానా పాతది. ఊరి పక్క గుట్ట మీద రాముని గుండాలు ఉన్నయి. గుండం అంటే నీళ్లు నిలిచే లోతు. అంటే పాత పేరు నీళ్ల గుర్తు చెప్తది, కొత్త పేరు బొగ్గు గుర్తు చెప్తది. ఒక్క కార్పొరేషన్ కింద రెండు కాలాలు పక్కపక్కన ఉన్నయి.

మూడోది మన రైతుల మాట. కాయిదాల మీద ఖని, బోర్డు మీద మైన్, గని జనం నోట్లో ఏముంది? బాయి. "మా అన్న బాయిల పని చేస్తడు", "బాయి మీదికి పోయిండు", "బొగ్గుబాయి". నీళ్ల బాయి తవ్విన చేతులే బొగ్గుకూ దిగినయి. నేలను తొలిచి లోపలికి దిగే పని ఏదైనా రైతుకు బాయే కదా, వేరే మాట ఎందుకు వెతుకుతడు? మన దిక్కు శానా ఇండ్లలో ఒక అన్న నీళ్ల బాయి కాడ ఉంటే ఇంకో తమ్ముడు బొగ్గుబాయి కాడ ఉండేటోడు. "బాయికి పోయిండు" అంటే ఏ బాయో ఆ ఇంట్లోళ్లకే తెల్వాలె.

ఆ రెండు బాయిల మధ్య ఇంకో లంకె ఉన్నది. గని లోతుకు పోయినకొద్దీ చుట్టుపక్కల నేలలోని నీళ్లు దాంట్లకు ఊరుతయి. గని మునగకుండా ఆ నీళ్లను మోటర్లు పెట్టి రాత్రింబవళ్లు తోడాలె. అట్ల తోడినకొద్దీ దగ్గర్లోని మన బాయిలల్ల నీళ్లు కిందికి జారుతయి. పేరు ఒక్కటే గని, ఒక బాయి దిగితే ఇంకో బాయి ఎండుతది.

దొరల మాట గూడ మన నోట్లో పడి మనదైపోయింది. నిటారుగా దిగే గని ఒక రకం, ఏటవాలుగా నడిచి దిగేది ఇంకో రకం. ఏటవాలు దానిని ఇంక్లైన్ అంటరు. ఎనిమిదో నంబరు ఇంక్లైన్ పక్కన క్వార్టర్లు కట్టిండ్రు. ఇప్పుడు పేపరోళ్లు దాన్ని యైటింక్లైన్ కాలనీ అని ఒక్క మాటగా రాస్తరు. అక్కడ పుట్టిన పిల్లగానికి అది అంకె అని తోచదు, సొంతూరి పేరు అంతే. రామగిరి మండలంల సెంటినరీ కాలనీ ఉన్నది కదా, సెంటినరీ అంటే నూరేళ్ల పండుగ. 1889 నుంచి 1989 దాకా బొగ్గు తీసిన నూరేళ్ల గుర్తు అది.

ఇంకా లోతుకు పోదాం. బొగ్గు పెళ్ల మీద ఒక్కోసారి ఆకు అచ్చు కనపడతది. మామిడాకు లెక్క పొడుగ్గ, నడుమ ఈనె. ఆ చెట్టుకు శాస్త్రం తెలిసినోళ్లు గ్లాసోప్టెరిస్ అని పేరు పెట్టిండ్రు, నాలుక లాంటి ఆకు అని అర్థం. పాతిక కోట్ల ఏండ్ల కిందటి అడవి అది, అదే మన బొగ్గు. ఇట్ల బొగ్గు ఉన్న రాతి పొరలను గోండ్వానా పొరలు అంటరు. గోండ్వానా అంటే గోండుల అడవి. 1872లో మెడ్లికాట్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ పేరు వాడిండు. 1885లో ఎడ్వర్డ్ స్యూస్ అనే ఆస్ట్రియా పండితుడు, ఒకప్పుడు కలిసి ఉన్న దక్షిణాది ఖండాలన్నిటికి గోండ్వానా నేల అని పేరు పెట్టిండు. మన ఆదిలాబాద్ గోండుల పేరు ఇప్పుడు ఆఫ్రికా, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికా పిల్లలు గూడ బడిలో చదువుతరు.

ఆ ఆకు ఎంత దూరం దొరికిందో తెలుసా? 1912లో ఇంగ్లండుకు చెందిన కెప్టెన్ స్కాట్ దక్షిణ ధ్రువానికి పోయి తిరిగి వస్తూ తన మనుషులతో పాటు మంచులోనే చనిపోయిండు. ఆకలితో, చలితో నడవలేని స్థితిలో గూడ వాళ్లు దాదాపు 16 కిలోల రాళ్లను బండి మీద గుంజుకుంట వచ్చిండ్రు, పారేయలేదు. ఆ రాళ్లలో ఉన్నది ఈ గ్లాసోప్టెరిస్ ఆకు అచ్చులే. మంచు ఖండం, మన గోదావరి లోయ ఒకప్పుడు ఒకే నేల అనడానికి అదొక సాక్ష్యం అయింది.

ఊరి పేరు ప్రపంచానికి ఎక్కిన ఇంకో ముచ్చట. భూపాలపల్లికి ఉత్తరంగా దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో యామనపల్లి అనే పల్లె ఉన్నది. అక్కడ నేలలో రాక్షసబల్లి ఎముకలు దొరికినయి. 1988లో యాదగిరి అనే శాస్త్రవేత్త దానికి కోటాసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరు పెట్టిండు. ముందు మాట ప్రాణహిత అవతలి సిరోంచ దిక్కున్న కోట అనే ఊరిది, వెనుక మాట యామనపల్లిది. దాని అస్థిపంజరం హైదరాబాద్‌ల బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టి ఉన్నది. పిల్లలను తీసుకొని పోతే, అది మన గోదావరి పక్క జంతువు అని చెప్పుండ్రి.

ఇదంతా ఎందుకు రాసిన అంటే, ఒక్క సంగతి గమనించుండ్రి. సింగరేణి, గోండ్వానా, యామనపల్లి, ఇవన్నీ ఎందుకు మిగిలినయి? ఎవరో ఒకరు వచ్చి, ఈ జాగను ఏమంటరు అని అడిగి, కాయిదం మీద రాసుకున్నరు కాబట్టి. రాసింది ఉన్నది, రాయనిది పోయింది.

మరి మన పేర్లు ఎవరు రాసిండ్రు? ఓపెన్ కాస్ట్ వచ్చిన కాడ నోటీసుల ఏముంటది? సర్వే నంబరు, ఎకరాలు, గుంటలు. పాస్‌బుక్కుల గూడ అంతే. ఖాస్రా పహాణిల తాత పేరు వెతుకుతం గని, ఆయన దున్నిన చెలక పేరు వెతకం. ఆ చెలకకు మన ఇంట్ల ఒక పేరు ఉంటది. చింతచెట్టు మడి, ఊరెనుక చెలక, తుమ్మలకుంట, ఎర్రమట్టి గడ్డ, మోటబాయి పొలం. ఆ పేర్లు ఉత్త పేర్లు కావు. కుంట అని ఉంటే అక్కడ నీళ్లు నిలుస్తయి. ఎర్రమట్టి అంటే వరి కన్నా మక్కకు మంచిది. మోటబాయి అంటే ఎన్ని గజాలల్ల నీళ్లు పడేటియో మీ నాయనకు తెలుసు. బోరు ఎక్కడ వేయాలె, కట్ట ఎక్కడ కట్టాలె అన్న తెలివి ఆ పేరులో ఉన్నది. సర్వే నంబరుకు ఆ తెలివి ఉండదు.

ఊరు ఓపెన్ కాస్ట్ కింద పోయినంక, తవ్విన మట్టి గుట్టలు పోసినంక, చెరువు ఎక్కడుండెనో, బొడ్రాయి ఎక్కడుండెనో ఆనవాలు దొరకదు. పునరావాస కాలనీల పుట్టిన పిల్లలకు ప్లాటు నంబరు మాత్రమే తెలుస్తది. పైసలు ఎంత వచ్చినయి అన్న లెక్క అందరి దగ్గర ఉంటది, పోయిన దాని పేరు ఏంది అన్న లెక్క ముసలోళ్ల నోట్లనే ఉన్నది. ఒక్కొక్కరు పోతున్నరు, వాళ్లతోటి ఆ లెక్క గూడ పోతున్నది.

అందుకని ఒక చిన్న పని చేయుండ్రి. ఈ రాత్రి తిన్నంక మీ ఇంట్ల పెద్దోళ్ల పక్కన కూసొని, పిల్లల రూళ్ల నోట్‌బుక్కు ఒకటి తీయుండ్రి. మన పొలాలకు, కుంటలకు, వాగు మలుపులకు, బాయిలకు ఏం పేర్లు ఉండె అని అడుగుండ్రి. పేరు పక్కన సర్వే నంబరు, ఆ పేరు ఎందుకు వచ్చిందో ఒక్క మాట రాయుండ్రి. ఊరు పోయినోళ్లు ముందుగాల రాయుండ్రి, మీ దగ్గర టైం తక్కువ ఉన్నది. ఊరు ఉన్నోళ్లు గూడ రాయుండ్రి, రేపు ఎక్కడ తవ్వుతరో ఎవరికి ఎరుక?

మీ చెలక పేరు ఏంది?