విడిది విద్యాస్థానమైన వేళ: బుద్ధగయలో సింహళ సంఘారామం

బుద్ధగయకు వచ్చిన ఇద్దరు సింహళ భిక్షువులకు తలదాచుకొనే చోటు దొరకలేదు. స్వదేశానికి మరలి ఆ సంగతి రాజుకు విన్నవించారు. 4వ శతాబ్దపు సింహళ రాజు మేఘవర్ణుడు రత్నాలు కానుకగా పంపి, బోధివృక్షం చెంత తన దేశ యాత్రికుల కోసం విహారం కట్టుకొనేందుకు సముద్రగుప్తుని అనుమతి పొందాడు. చైనా రాయబారి వాంగ్ షువాన్‌సె భద్రపరచిన వృత్తాంతమిది.

7వ శతాబ్దంలో హ్యుయన్‌త్సాంగ్ దర్శించేనాటికి అది కేవలం విడిది కాదు. ఆరు మందిరాలు, మూడంతస్తుల కట్టడాలు, ముప్పై నలభై అడుగుల ప్రాకారం. వెయ్యికి కొంచెం తక్కువగా భిక్షువులు, మహాయాన స్థవిర శాఖాధ్యయనం, కట్టుదిట్టమైన వినయాచరణ. అయినా పుట్టుకను అది మరువలేదు. సింహళం నుండి వచ్చిన భిక్షువులను అక్కడివారితో సమానంగా ఆదరించాలన్న నియమాన్ని రాగిరేకుపై చెక్కించారని ఆయనే రాశాడు. ఆతిథ్యాన్ని దయకు వదలక హక్కుగా మార్చిన రేకు అది.

పురావస్తు పరిశోధకునికి చిక్కు ఇక్కడే. యాత్రికుడు నిద్రించిన గదికీ విద్యార్థి వల్లెవేసిన గదికీ పునాదుల్లో భేదం కనబడదు. గదుల వరుస బయటపడగానే విశ్వవిద్యాలయమని పేరు పెట్టడం తొందరపాటు. నాగార్జునకొండలో సైతం సీహళ విహారం పేరును మనకు అందించింది ఉపాసిక బోధిసిరి శాసనమే గాని ఇటుకలు కావు.

1234లో బుద్ధగయ చేరిన టిబెట్ యాత్రికుడు ధర్మస్వామి కథనంలో మరొక నియమం కనిపిస్తుంది: వజ్రాసన విహార ప్రాంగణంలో నిద్రించే హక్కు సింహళ శ్రావకులకు మాత్రమే ఉండేది, తక్కిన శాఖలవారికి లేదు.