ఆటకు కట్టిన యిల్లు

చిత్తూరు సీమలోని పాత మిద్దెయిండ్లలో అటకలు దులుపునపుడు దుమ్ముతో గూడ తఱచుగా క్రిందికి దిగు వస్తువు వామనగుంటల పీట. మా అవ్వ ఆడిన పీట నేటికిని నా వ్రాతబల్లపై నున్నది. రెండు ఇత్తడి బందులతో నడుమ మడచుకొనునట్లు చేయబడిన యా పీట మూసినపుడు చిన్న పెట్టెవలె నుండి, తెఱచినంతనే ప్రక్క కేడేసి చొప్పున 14 గుంటలను చూపును. తరతరముల చింతగింజల రాపిడికి గుంటల యడుగులు నున్నబడి అద్దమువలె మెఱయుచున్నవి; ఒక యంచున మాత్రము బొటనవ్రేలంత నల్లని మచ్చ కలదు. శివరాత్రి జాగారములో దీపపు ప్రమిద ఆనించినందున చెక్క కమిలినదని అవ్వ చెప్పుచుండెడిది. వాకిట మంటిలో గుంటలు త్రవ్వుకొని ఆడి, తెల్లవాఱుసరికి పూడ్చివేయు ఆటకు పేరు తెలియని వడ్రంగి యొకడు ఇంటిలో నిలుకడయైన చోటు కల్పించినాడు. అతని పనివంటి పనియే సముద్రముల కావల మఱియొక ఆటకు జరిగినది. ఆ కథ చెప్పవలెనని చాలకాలముగా నా మనస్సున నున్నది.

ఆ యాట జపానువారి పచింకో. దాని మూలము ఐరోపాలోనిది. 1777లో పారిస్ చెంత బగాటెల్ అను విలాస సౌధమున రాజదంపతుల గౌరవార్థము జరిగిన విందులో ఆడిన బల్లయాటకు ఆ సౌధము పేరే నిలిచెనని చెప్పుదురు. అమెరికాలో మాంటేగ్యూ రెడ్‌గ్రేవ్ అనునతడు 1871లో ఆ బల్లకు చుట్టతీగె బిగించిన కాడను అమర్చి, గోలీని దానితో ఎగజిమ్ము విధానమునకు హక్కుపత్రము పొందెను. మేకులు నాటిన యా చిన్నబల్ల 1920ల ప్రాంతమున జపాను చేరి, మిఠాయి దుకాణముల ముంగిట పిల్లల యాటయై, పిమ్మట ఇఱుకు దుకాణములలో చోటు చాలమిచే పడకనుండి లేచి గోడకు నిలువుగా నిలిచెను. గోలీలు మేకులపై తొణకుచు దిగు ‘పచి పచి’ మను సవ్వడినుండియే దానికి పేరు పుట్టినది. యుద్ధకాలమున ఆటశాలలు మూతపడెను. యుద్ధానంతరము, 1940ల తుదిని, నగోయా పట్టణపు మసమురా తకెఇచి మేకుల కూర్పునకు క్రొత్త పద్ధతి నేర్పఱచినమీదట ఆ యాట దేశమంతట వ్యాపించెను. గోలీ 11 మిల్లీమీటర్ల ఉక్కుగుండు. వేయి గోలీలు అయిదు కిలోలు దాటి తూగును. రాత్రి శాల మూసినపిదప చిన్న సుత్తితో ఇత్తడి మేకులను వెండ్రుకవాసి ఇటునటు తట్టి గోలీల నడకను మార్చు నిపుణులు అచ్చట ప్రత్యేకముగా నుండిరి. ఆ పని నాకు వీణ మెట్లను మైనముపై సవరించువాని చేతిని తలపించుచున్నది.

శాలలో ఈ యంత్రమునకు ఒంటరి బ్రదుకు లేదు. వరుసగా పేర్చిన యంత్రముల గుంపును అచ్చటివారు ‘షిమా’, అనగా ద్వీపము, అందురు. యంత్రములన్నియు ఒకదాని కొకటి ఆనుకొనియుండును. వీపుభాగము తెఱపియై, గోలీల కాలువలును మీటలును బయటికి కనబడుచుండును. జారిన గోలీలను ద్వీపపు కడుపు మ్రింగును. ఆటశాలలవారు పాతవానిని తీసివేసి క్రొత్తవి నిలుపుచుండుటచే, అట్లు తీసివేసినవి 1970లలో ఓడలపై అమెరికా చేరి గృహవినోదములుగా విక్రయింపబడెను. కొన్నవాని కెదురైన చిక్కు ఇదియే: సుమారు 32 అంగుళముల యెత్తును, 20 అంగుళములకు మించిన వెడల్పును గల యీ వస్తువు తనంత తాను నిలువలేదు, గోడకు వ్రేలాడలేదు, కాలు లేదు, వీపు లేదు.

కావున ఆయా గృహస్థులు తామే వడ్రంగు లైరి. పెట్టెకట్టు పని చూచుటకు సులభము, చేయుటకు కాదు. మీట నొక్కినపుడెల్ల యంత్రము కదలును గనుక అడుగుభాగము బరువుగను వెడల్పుగను ఉండవలెను. బల్లముఖము రవంత వెనుకకు వాలి నిలువవలెను. ఆ వాలు మితిమీఱినచో గోలీ మేకులను విడిచి బల్లను పట్టుకొని జాఱును, చాలనిచో అద్దమునకు కొట్టుకొని చిందులు త్రొక్కును. అందుచే మొదట మట్టము చూచి, పిమ్మట అడుగున సన్నని చీలిక నొకదానిని ఎక్కించుచు తీయుచు, గోలీ వదలి చూచుచు, చెవితోను కంటితోను నిర్ణయింపవలసినదే. కాలువలో గోలీ యిఱుకుట నిత్యకృత్యము గనుక వెనుక తలుపును, ద్వీపపు కడుపునకు బదులుగా అడుగున సొరుగును అమర్చవలెను. ఆ సొరుగులో గుడ్డ పఱచనిచో వీధి చివరివఱకును చప్పుడు వినబడును!

పచింకోవంటి పందెపు టాటను ఇల్లు చేర్చుట తగునా యని శంకించువారి కొక్క మాట. జూదశాల నడపుటను మన రాష్ట్రమున 1974 నాటి చట్టము నిషేధించుచున్నది. ఆ నిషేధము న్యాయమైనదేయని నా నమ్మకము. పందెము తొలగి, చెక్కపెట్టెలో కుదురుకొని, పిల్లలు ముసలివారితో గూడి ఆడుకొను యంత్రము మాత్రము వేఱు. గవ్వలతో ద్యూతమాడిన చేతులే ముక్కోటి ఏకాదశిరాత్రి పరమపదసోపాన పటముపై గవ్వలు వేయుచున్నవి గదా.

ఇక కఱ్ఱమాట. శేషాచలపు ఎఱ్ఱచందనమునకును జపానునకును చాలకాలపు పొత్తు కలదు. అచ్చటి మూడుతంత్రుల షమిసెన్ వాద్యమునకు మేలైన దండము మన కొండల చెట్టునుండియే వచ్చును; దానిని వారు ‘కోకి’ అందురు. రాతినేలలో మిక్కిలి మెల్లగా పెరుగు ఆ చెట్టు నీట మునుగునంత బరువైన చేవ గలది. 1995 నుండి అది అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణమునకు లోబడియున్నది. పెట్టెకట్టుటకై దాని జోలికి పోవలదు, దొంగకఱ్ఱను గడప త్రొక్కనీయవలదు. తిరుపతివాసికి టేకు చాలును, పనసయు చాలును.

చేతులా? శ్రీకాళహస్తి చెంత, ఏర్పేడు మండలమందలి మాధవమాల గ్రామమున కఱ్ఱశిల్పులు దేవతామూర్తులను, గుడి తలుపులను, ఇంటి పూజామందిరములను నేటికిని చెక్కుచున్నారు. మందిరపు పనిలో నున్న నేర్పు పెట్టెకట్టులోను కావలసినదే: దేవుడు కదలకుండ కూర్చుండుటకు పీఠము, గాలి యాడుటకు గవాక్షము, పూజాద్రవ్యములకు సొరుగు, చిన్నపిల్ల చేయి చేరు ఎత్తున గొళ్లెము. వారి వద్ద మందిరమేగాని ఆటపెట్టె చేయింపవలెనని అడుగువారు మనలో అరుదు. అడుగనిదే పని రాదు; పని లేనిదే కొడుకు తండ్రి ఉలిని పట్టడు.

పచింకో యంత్రము మన సీమలో దొరకుట కష్టమే. అటకమీది వామనగుంటల పీట యున్నది. ఈ ఆదివారము దానిని దింపి చూడుడు. బందు ఊడియున్నచో, పగులు వాఱియున్నచో, పాతసామానులవానికి తూకమున వేయక, దగ్గఱి వడ్రంగి చేతికైనను మాధవమాల శిల్పి చేతికైనను ఇచ్చి బాగుచేయింపుడు. కూలి యెంతయని బేరమాడవలదు.