ఈ వారం టీవీలో ఏం చూడాలి? కరీంనగర్, ఆదిలాబాద్‌లలో ఒక ఎంపిక చరిత్ర

రాబోయే వారం ప్రసారాల్లో చూడదగ్గవి ఏరి ముందుగా చెప్పడం పత్రికలకు టీవీ కంటే ముందే అబ్బిన అలవాటు. లండన్‌లో బీబీసీ 1923 సెప్టెంబరులోనే తన కార్యక్రమాల వివరాలతో ‘రేడియో టైమ్స్’ను తెచ్చింది. బొంబాయిలో 1927లో ‘ఇండియన్ రేడియో టైమ్స్’ వచ్చింది. తెలుగు శ్రోతలకు ఆకాశవాణి ‘వాణి’ పత్రికను నడిపింది. ఏ రోజు ఏ కచేరీ ఉందో, ఏ నాటకం ఎన్ని గంటలకో అందులో చూసుకుని గుర్తు పెట్టుకునేవారు. ఈ సౌకర్యం రేడియో ఉన్న ఇంటికే. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో అలాంటి ఇళ్లు తక్కువ. వారం వినోదం సంగతి వాళ్లకు అంగడిలో తిరిగే రిక్షా మైకు, టాకీసు గోడ మీద వాల్‌పోస్టరు చెప్పేవి.

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. దాని ట్రాన్స్‌మిటర్ రాజధానికి, చుట్టుపక్కల ఊళ్లకు సరిపోయింది. కరీంనగర్ అక్కడికి 160 కిలోమీటర్ల దూరం, ఆదిలాబాద్ 300 కిలోమీటర్లు. మేడ మీద ఎంత ఎత్తు యాంటెన్నా కట్టినా ఆ బొమ్మ ఇక్కడిదాకా రాలేదు. అంతకు ముందు 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సాగిన ‘సైట్’ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టీవీ చూపించారు. గడువు తీరగానే ఉపగ్రహం వెళ్లిపోయింది, ప్రసారమూ ఆగింది.

జిల్లాలకు టీవీ నిజంగా చేరింది ఇన్సాట్-1బి ఉపగ్రహం తర్వాతే. 1983 ఆగస్టులో అమెరికా స్పేస్ షటిల్ దాన్ని కక్ష్యలో వదిలింది. 1984 నుంచి దేశమంతటా తక్కువ శక్తి ట్రాన్స్‌మిటర్లు వరసగా లేచాయి. వంద వాట్ల ఆ ట్రాన్స్‌మిటర్ పరిధి పాతిక కిలోమీటర్లు దాటదు. పట్నంలో ఉన్నవాడికి బొమ్మ, పట్నం దాటినవాడికి చుక్కలు. పైగా ఆ ట్రాన్స్‌మిటర్లు మొదట్లో ఎక్కువగా ఢిల్లీ కార్యక్రమాన్ని పట్టి పంపేవి. అందుకే ఈ ప్రాంతపు తొలి టీవీ అనుభవంలో హైదరాబాద్ తెలుగు కంటే ఢిల్లీ హిందీ పాలు ఎక్కువ. గుంటూరులో అది పరాయి భాషగా తోచి ఉండవచ్చు. నిజాం పాలనలో ఉర్దూ అలవాటైన కరీంనగర్, జగిత్యాల, నిర్మల్ పట్నాల్లో ‘హమ్ లోగ్’ సీరియల్ మాటలు చెవికి కొత్తగా లేవు. మరాఠీ, గోండి, కొలామి మాట్లాడే ఆదిలాబాద్ అడవి గూడేలకు మాత్రం ఢిల్లీ హిందీ అయినా, హైదరాబాద్ తెలుగు అయినా దూరమే. ఆదిలాబాద్ ఆకాశవాణి కేంద్రం 1986లో వచ్చాక గోండి మాట రేడియోలో వినిపించింది. టీవీ జాబితాలో ఆ భాషకు చోటు దాదాపు దొరకనే లేదు.

ఒకే చానెల్ ఉన్న కాలంలో ‘ఏం చూడాలి’ అనే ప్రశ్నకు అర్థం వేరు. ఎంచుకోవడానికి ఇంకొకటి లేదు. ఎప్పుడు కూచోవాలన్నదే లెక్క. అందుకే వారంలో ఒక్కో రోజుకు ఒక్కో పేరు పడింది. బుధవారం హిందీ పాటల చిత్రహార్, శుక్రవారం తెలుగు పాటల చిత్రలహరి, శనివారం తెలుగు సినిమా, ఐతారం హిందీ సినిమా. 1987 జనవరి 25 నుంచి ఐతారం పొద్దున రామాయణం చేరింది. అది 1988 జులైలో ముగిసి, అక్టోబరు 2న మహాభారతం మొదలైంది. తెలుగు వార్తలంటే శాంతిస్వరూప్ ముఖం. తొలి తెలుగు న్యూస్ రీడర్‌గా పేరున్న ఆయన, తెర మీద అక్షరాలు చూసి చదివే సౌకర్యం లేని రోజుల్లో వార్తలను కంఠస్థం చేసి చెప్పేవారు. ఆయన 2024లో కన్నుమూశారు. దినపత్రిక మూలన వచ్చే ఆ రోజు కార్యక్రమాల పట్టీ నాలుగు వరసలే అయినా, ఇంట్లో అందరూ చదివేది. వారపత్రికల్లో వచ్చే టీవీ సమీక్షలను కూడా ఆసక్తిగా చదివేవారు. నిన్నటి కార్యక్రమం గురించి రాసింది చదివి వచ్చే వారం దానికోసం కాచుకోవడం అప్పటి పద్ధతి.

ఉత్తర తెలంగాణలో ఆ పట్టీని పాటించడం అంత తేలిక కాదు. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి సింగరేణి బొగ్గుబావుల్లో షిఫ్టు వారం వారం మారుతుంది. మధ్యాహ్నం బావిలోకి దిగి రాత్రి బయటికొచ్చే రెండో షిఫ్టు పడిందంటే ఆ వారం చిత్రలహరి లేనట్టే. సింగరేణి క్వార్టర్లలో ఎవరు ఏది చూడాలన్నది పత్రిక కంటే ముందు మస్టర్ నిర్ణయించేది. పల్లెల్లో కరెంటుది అదే పెత్తనం. రామగుండంలో ఎన్టీపీసీ కేంద్రం 1983 నుంచి కరెంటు తయారు చేస్తున్నా, చుట్టూ ఉన్న ఊళ్లలో ఐతారం సినిమా సగంలో ఆరిపోవడం మామూలే. మహాభారతం తప్పిపోకూడదని ట్రాక్టర్ బ్యాటరీ తెచ్చి టీవీకి తగిలించిన ఊళ్లున్నాయి. ఇక టీవీ ఎవరింట ఉంటే అక్కడికే వాడంతా చేరేది. ఆ ఇంటి ముసలమ్మ ఎవరిని లోపలికి రానిచ్చేదో, ఎవరిని గడప దగ్గరే ఆపేదో ఏ కార్యక్రమ పట్టీలోనూ ఉండదు. కానీ ఎవరేం చూశారన్న చరిత్రలో అదీ ఒక భాగమే.

ఇక్కడ ఎంపికకు తొలి దారి తెరిచింది దుబాయి. 1970ల చివరి నుంచి కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల మగవాళ్లు గల్ఫ్‌కు పోయారు. తిరిగొచ్చేటప్పుడు టూ-ఇన్-వన్, కలర్ టీవీ, వీసీఆర్ తెచ్చారు. క్యాసెట్ కిరాయికి దొరికితే శనివారం కోసం ఆగే పనిలేదు. పెళ్లికి, జాతరకు రాత్రంతా మూడు సినిమాలు వేసే వీడియో ఆటలూ అప్పుడే పుట్టాయి. చూసేది చూసేవాడే నిర్ణయించడం ఈ జిల్లాల్లో టీవీతో రాలేదు, వీసీఆర్‌తో వచ్చింది.

1990ల మొదట్లో వీడియో నడిపినవాళ్లలో కొందరు కేబుల్‌లోకి దిగారు. గల్ఫ్ యుద్ధం, స్టార్ టీవీ, 1992 అక్టోబరులో జీ టీవీ వాళ్లకు గిరాకీ తెచ్చాయి. 1995లో జెమిని, అదే ఏడాది ఆగస్టు 27న ఈటీవీ మొదలయ్యాక తెలుగు ఇంట్లో రిమోట్‌కు నిజమైన పని దొరికింది. కానీ ఏ చానెల్ ఏ నంబరులో రావాలో, ఏది రాకూడదో కేబులాయన చేతిలో ఉండేది. ఆయనే ఒక లోకల్ చానెల్ పెట్టి కొత్త సినిమాలు, పుట్టినరోజు శుభాకాంక్షలు, బతుకమ్మ, వేములవాడ జాతర చూపేవాడు. పత్రికల టీవీ పేజీ హైదరాబాద్‌లో తయారయ్యేది. దానిలో ఈ లోకల్ చానెల్‌కు ఒక్క గీత కూడా లేదు. ఊళ్లో జనం చూసేదానికీ అచ్చయ్యేదానికీ తేడా అక్కడే కనిపిస్తుంది.

రోజూ వచ్చే సీరియళ్లు వారపు లెక్కను చెరిపేశాయి. వాటికి ఈ ప్రాంతంలో బలమైన ప్రేక్షకులు బీడీలు చుట్టే ఆడవాళ్లు. చాట ఒళ్లో పెట్టుకుని, చేతులు ఆకు చుడుతుంటే చెవి టీవీ మీద ఉండేది. చూడటం కంటే వినడమే ఎక్కువ కాబట్టి మాటలు దండిగా ఉన్న సీరియల్ వాళ్లకు సరిపడింది. అయినా రేటింగుల్లో వాళ్లు చాలాకాలం లెక్కలోకే రాలేదు. గ్రామీణ ప్రేక్షకుల లెక్కలు బార్క్ సంస్థ ద్వారా 2015 అక్టోబరులోనే మొదలయ్యాయి. అంతవరకు ‘జనం మెచ్చినవి’ అన్న మాట పట్నాల మీటర్లు చెప్పిందే.

2019 ఫిబ్రవరి నుంచి అమలైన నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనలు ఎంపికను ధరల పట్టికగా మార్చాయి. అప్పట్లో నూరు చానెళ్ల వరకు నెలకు 130 రూపాయలు, దానిపై పన్ను ఉండేవి. డబ్బు కట్టి చూసే చానెళ్లకు విడివిడిగా చెల్లించాల్సి వచ్చేది. కాగితం మీద ఇది ప్రేక్షకుడికి దక్కిన హక్కు. చేతల్లో చాలామంది కేబులాయన చేతికిచ్చిన ప్యాకేజీనే తీసుకున్నారు. ఇక భూమ్మీది పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను దూరదర్శన్ 2022 నాటికి దాదాపు అన్నిచోట్లా ఆపేసింది.

ఇక భాష సంగతికొస్తే, చాలాకాలం తెర మీద తెలంగాణ మాట నవ్వించడానికో, రౌడీ పాత్రకో వాడుకునేదిగానే ఉంది. 2012లో వచ్చిన వీ6 చానెల్ ‘తీన్మార్ వార్తలు’ ఆ మాటను వార్తల భాషగా నిలబెట్టింది. అదే ఏడాది పాత కరీంనగర్ జిల్లాలోని లంబాడిపల్లిలో ‘మై విలేజ్ షో’ యూట్యూబ్ చానెల్ మొదలైంది. పొలం పనులు, బీడీ పనితో బతికిన గంగవ్వ అందులో నటించి, 2020లో స్టార్ మా ‘బిగ్‌బాస్’ నాలుగో సీజన్‌లోకి వెళ్లి, ఆరోగ్యం బాగోలేక మధ్యలోనే వచ్చేశారు. రోజూ సాయంత్రం టీవీ ముందు బీడీలు చుట్టిన తరం నుంచి ఒకరు టీవీలోకి వెళ్లారు. అయినా ఈ జిల్లాలు వచ్చే వారం చూడబోయేవి ఎక్కువగా హైదరాబాద్, ముంబైలలోనే నిర్ణయమవుతున్నాయి. లంబాడిపల్లి ఇంకా మినహాయింపే.