శునకానుబంధం: శిలాశాసనం నుండి ప్రయోగశాల వరకు

బెంగళూరులోని ప్రభుత్వ ప్రదర్శనశాలలో క్రీ.శ. 949–50 నాటి వీరగల్లు ఒకటి ఉంది. కర్ణాటకలోని మండ్య జిల్లా ఆతకూరులో లభించిన ఈ కన్నడ శాసనాన్ని చరిత్రకారులు ప్రధానంగా ఒక రాజకీయ ఘటనకు ఆధారంగా ఉదహరిస్తారు. నేటి తమిళనాడులో అరక్కోణం సమీపాన ఉన్న తక్కోలం వద్ద జరిగిన యుద్ధంలో, రాష్ట్రకూట చక్రవర్తి మూడవ కృష్ణుని పక్షాన పోరాడిన గంగరాజు రెండవ బూతుగుడు చోళ యువరాజు రాజాదిత్యుని వధించిన వృత్తాంతం ఇందులో ఉంది. అయితే ఈ శిలను ప్రతిష్ఠించడానికి కారణం ఆ విజయం కాదు. 'కాళి' అనే వేటకుక్క స్మృత్యర్థం దీనిని నిలిపారు.

ఆ యుద్ధంలో బూతుగుని సేవకుడైన మణలేరుడు గొప్ప పరాక్రమం చూపాడు. సంతసించిన రాజు వరం కోరుకొమ్మన్నాడు. మణలేరుడు కాళిని కోరాడు. తరువాత ఒకనాడు బేళతూరు కొండ వద్ద కాళిని ఒక పెద్ద అడవిపందిపైకి వదలగా, రెండూ పోరాడి ఒకేసారి మరణించాయి. మణలేరుడు ఆతకూరులోని చల్లేశ్వరాలయం ఎదుట శిలను నిలిపి, దానికి భూమిని దానం చేశాడు. ఆలయ పూజారి ఈ శిలను అర్చించకుండా భుజించరాదని కూడా శాసనం విధించింది. ఒక మహాయుద్ధం, ఒక చక్రవర్తి, ఒక యువరాజు మరణం, ఒక కుక్క మరణం ఒకే రాతిపై చోటుచేసుకున్నాయి.

కుక్కకూ మనిషికీ గల అనుబంధం నేడు శాస్త్రజ్ఞుల ప్రయోగశాలల్లో పరిశోధనాంశం. కాని భారత ఉపఖండంలో ఈ అనుబంధానికి సుదీర్ఘమైన చరిత్ర ఉంది. ఆ చరిత్ర ఏకరూపమైనది కాదు. ఒకవైపు గౌరవం, మరొకవైపు తిరస్కారం అందులో కానవస్తాయి. ఈ రెండు ధోరణులకు మూలాలెక్కడ ఉన్నాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

తొలి ఆధారాలు

కాశ్మీరులో శ్రీనగర్ సమీపాన గల బూర్జహోమ్ వద్ద 1960వ దశకంలో భారత పురావస్తు శాఖ జరిపిన తవ్వకాలలో నవీన శిలాయుగపు జనావాసం బయల్పడింది. అక్కడి మానవ సమాధులు కొన్నింటిలో కుక్కల అస్థికలు కూడా లభించాయి. అక్కడే దొరికిన ఒక రాతిపలకపై ఇద్దరు వేటగాళ్లు ఒక దుప్పిని వేటాడే దృశ్యం చెక్కి ఉంది. వారి వెంట ఒక కుక్క ఉంది. బ్రతికినంతకాలం వేటలో తోడైన జంతువును మరణానంతరం కూడా తోడుగా పంపిన సమాజమది.

సింధు నాగరికతకు చెందిన హరప్పాలో మెడపట్టీ ధరించిన మట్టి కుక్కబొమ్మ దొరికింది. మెడపట్టీ ఉన్నదంటే, ఆ కుక్కకు ఒక యజమాని ఉన్నాడన్నమాట. సింధ్ రాష్ట్రంలోని చన్హుదారోలో ఒక ఇటుకపై పిల్లి అడుగుజాడ, కుక్క అడుగుజాడ అచ్చుపడి ఉన్నాయి. ఆరీఆరని పచ్చి ఇటుకపై పరుగెత్తిన ఆ జంతువులు నాటి వీధి జీవితాన్ని మన కళ్లకు కట్టిస్తాయి.

వాయవ్య భారతపు కుక్కల కీర్తి విదేశాలకు సైతం వ్యాపించింది. క్రీ.పూ. 5వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ బాబిలోనులోని పారశీక పాలకుని గురించి వ్రాస్తూ, అతని భారతీయ శునకాలను పోషించే బాధ్యత నాలుగు పెద్ద గ్రామాలకు అప్పగించి, ఆ గ్రామాలకు ఇతర పన్నులు మినహాయించారని పేర్కొన్నాడు. వాల్మీకి రామాయణం అయోధ్యాకాండలో కేకయరాజు భరతునికిచ్చిన కానుకలలో అంతఃపురంలో పెంచిన మహాకాయ శునకాలున్నాయి. కేకయం కూడా వాయవ్య దేశమే కావడం గమనార్హం.

రెండు దృష్టులు

వైదిక వాఙ్మయంలో దేవశుని అయిన సరమకు గౌరవస్థానం ఉంది. పణులు దాచిన గోవులను ఆమె వెదకి కనుగొన్నది. ఋగ్వేదం ఏడవ మండలంలో ఇంటి కాపలాకుక్కను సంబోధించే సూక్తం ఒకటి ఉంది. దొంగను చూసి మొరుగుము, మమ్ములను చూసి నిదురపొమ్మని ఆ సూక్తం సారాంశం. ఇంటివారిని, పరాయివారిని వేరుచేసి గుర్తించే శక్తిని నాటి కవి గ్రహించాడు.

మహాభారతానికి ఆదిలోనూ, అంతంలోనూ కుక్క ఉండడం విశేషం. జనమేజయుని యాగశాలకు వచ్చిన సారమేయాన్ని అతని తమ్ములు నిష్కారణంగా కొట్టగా, తల్లి సరమ రాజును నిలదీసి శపించింది. నిరపరాధిని, నిస్సహాయుని హింసించినవారికి ఊహించని భయం కలుగుతుందని ఆమె హెచ్చరిక. పదకొండవ శతాబ్దంలో నన్నయ తెలుగు చేసిన ఈ ఘట్టం తెలుగు పాఠకులకు సుపరిచితం. ఇక మహాప్రస్థానిక పర్వంలో, తమ్ములూ ద్రౌపదీ నేలకొరిగిన తరువాత యుధిష్ఠిరుని వెంట మిగిలింది కుక్క ఒక్కటే. కుక్కను విడిచి రమ్మని ఇంద్రుడు కోరాడు. నమ్మి వెంట వచ్చినదానిని విడువజాలనని ధర్మజుడు స్వర్గాన్నే కాదన్నాడు. పదమూడవ శతాబ్దంలో తిక్కన ఈ ఘట్టాన్ని తెలుగులోనికి తెచ్చాడు.

అయితే కుక్కలు గలవారికి స్వర్గంలో చోటు లేదని ఇంద్రుడు అనడం కూడా ఆ కథలోనే ఉంది. అది ధర్మశాస్త్రాల దృష్టి. మనుస్మృతి చండాలురకు కుక్కలు, గాడిదలే ధనమని విధించింది. 'శ్వపచుడు' అనే పదం ఒక మానవ సమూహాన్ని అవమానించడానికే వాడబడింది. అంటే కుక్కను అశుచిగా ఎంచడం జంతువుతో ఆగలేదు. దానితో కలిసి జీవించే వేటగాళ్లను, పశుపాలకులను, కాపరులను ఊరి వెలుపల నిలపడానికి అది ఒక సాధనమైంది. రాజ్యానికి మాత్రం వారి సేవలు కావలసివచ్చాయి. అడవులలో వేటగాళ్లు, కుక్కలను పెంచేవారు సంచరిస్తూ కాపుకాయాలని కౌటిల్యుని అర్థశాస్త్రం నిర్దేశించింది. కుక్క నుండి నేర్వవలసిన ఆరు గుణాలలో స్వామిభక్తిని, శౌర్యాన్ని చాణక్యనీతి చేర్చింది.

కుక్క గురించి తిరస్కారంగా వ్రాసినవారు, కుక్కతో కలిసి బ్రతికినవారు అధికభాగం వేర్వేరు వర్గాలవారని దీనిని బట్టి గ్రహించవచ్చు. గ్రంథాలు మొదటివారివి. రెండవవారి మాట వినాలంటే వీరగల్లుల వద్దకు వెళ్లాలి.

వీరగల్లుల వాంగ్మూలం

తమిళనాడులోని తిరువణ్ణామలై జిల్లా చెంగం ప్రాంతంలోని ఎడత్తనూరులో పల్లవరాజు మొదటి మహేంద్రవర్మ కాలపు వీరగల్లు ఉంది. ఏడవ శతాబ్దపు తొలి దశకాలకు చెందిన ఈ శిలపై మరణించిన వీరునితోపాటు అతని కుక్క కూడా చెక్కబడి ఉంది. దాని పేరు కోవివన్. అది ఇద్దరు దొంగలను కరిచి కాపలా నిలిచిందని శాసనం తెలుపుతున్నది. పశువుల కోసం పోరులు జరిగిన ఆ సీమలో కుక్క కేవలం కావలి జంతువు కాదు, పోరులో భాగస్వామి. అందుకే దాని పేరు కూడా రాతికెక్కింది.

ఈ సంప్రదాయపు ఛాయలు జానపద మతంలో నేటికీ నిలిచి ఉన్నాయి. కాలభైరవుని వాహనం కుక్క. మహారాష్ట్రలో ఖండోబాగా, కర్ణాటకలో మైలారునిగా పూజలందుకొనే దైవం వెంట కుక్క ఉంటుంది. ఇది ప్రధానంగా పశుపాలకులు కొలిచే దైవం.

విజ్ఞానశాస్త్ర పరిశీలన

తెలుగులో కుక్కను 'విశ్వాసం గల జంతువు' అంటాము. ఈ విశ్వాసం నిజమైన అనుబంధమా, లేక తిండికోసం అలవడిన నడవడియా అన్న ప్రశ్నను శాస్త్రజ్ఞులు పరీక్షకు పెట్టారు. శిశువుకు తల్లితో గల అనుబంధాన్ని గురించి బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ చేసిన సిద్ధాంతానికి అనుగుణంగా, మేరీ ఎయిన్స్‌వర్త్ ఒక పరీక్షాపద్ధతిని రూపొందించింది. తెలియని గదిలో తల్లి సమక్షంలో, ఆమె లేనప్పుడు, తిరిగి వచ్చినప్పుడు శిశువు ప్రవర్తన ఎలా మారుతుందో అందులో గమనిస్తారు. 1998లో హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లోని పరిశోధకులు ఈ పద్ధతిని 51 కుక్కలకూ వాటి యజమానులకూ వర్తింపజేశారు. యజమాని ఉన్నప్పుడు కుక్కలు గదిని ఎక్కువగా పరిశీలించాయి, ఆడుకున్నాయి. యజమాని వెళ్లిపోగానే తలుపు దగ్గర నిలబడి ఎదురుచూశాయి. తిరిగి రాగానే దగ్గరకు చేరాయి. పరాయి మనిషి ఆ స్థానాన్ని భర్తీ చేయలేకపోయాడు.

2001లో హంగరీ పరిశోధకులే ఆశ్రయ కేంద్రాలలోని కుక్కలను పరీక్షించారు. పదేసి నిమిషాల చొప్పున మూడు పర్యాయాలు ఒక మనిషి సాన్నిహిత్యం లభించినంత మాత్రాన అవి ఆ మనిషితో అనుబంధాన్ని ఏర్పరచుకున్నాయి. విడువబడిన కుక్క బంధాన్ని మరచిపోదని, కొత్త బంధం కోసం వెదుకుతుందని దీని భావం.

2015లో జపాన్ శాస్త్రజ్ఞులు ఈ బంధానికి శారీరక మూలాన్ని చూపారు. తల్లీబిడ్డల మమకారంతో సంబంధం గల ఆక్సిటోసిన్ హార్మోన్‌ను వారు కొలిచారు. కుక్క యజమాని కళ్లలోకి ఎక్కువసేపు చూసినప్పుడు ఇద్దరిలోనూ ఆ హార్మోన్ పెరిగింది. మనుషులు పెంచిన తోడేళ్లలో ఇది కనబడలేదు. అందుచేత ఈ లక్షణం కుక్క మనిషి చెంత చేరిన తరువాత, సహజీవన క్రమంలో అభివృద్ధి చెంది ఉంటుందని వారు భావించారు. పరీక్షించిన జంతువుల సంఖ్య పరిమితమైనందున దీనిని తుది నిర్ణయంగా తీసుకోరాదు. అయినా బంధం ఏకపక్షం కాదన్న సంగతి దీనివల్ల బలపడింది.

మన దేశానికి మరింత సన్నిహితమైన పరిశోధన ఒకటి 2017లో వెలువడింది. కోల్‌కతాలోని భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు ఏ యజమానీ లేని వీధికుక్కలను పరిశీలించారు. పరిచయం లేని మనిషి పలుమార్లు ఆహారం పెట్టినప్పటికంటే, పలుమార్లు తల నిమిరినప్పుడు వాటికి నమ్మకం ఎక్కువగా కుదిరింది. ఎంగిలి మెతుకులపై బ్రతికే కుక్క కూడా మెతుకుకంటె స్పర్శకే విలువనిచ్చింది.

నేటి కర్తవ్యం

ఈ విషయాలకు పాలనతో సంబంధం ఉంది. కుక్కకాటు వల్ల సోకే రేబిస్ లక్షణాలు బయటపడిన తరువాత దాదాపు ఎల్లప్పుడూ ప్రాణాంతకమే. బాధితులలో పసిపిల్లలు, పేదలు అధికం. ఈ భయాన్ని తేలికగా తీసుకొనే హక్కు ఎవరికీ లేదు. జంతు జనన నియంత్రణ నిబంధనలు 2001లో వచ్చాయి. వాటి స్థానంలో 2023లో కొత్త నిబంధనలు అమలులోకి వచ్చాయి. 2030 నాటికి కుక్కల ద్వారా సోకే రేబిస్‌ను నిర్మూలించాలని 2021లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక లక్ష్యం నిర్దేశించింది. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ పరిసరాల వీధికుక్కలను ఆశ్రయాలకు తరలించాలని ఆదేశించి, అదే నెల 22న ఆ ఆదేశాన్ని సవరించింది. శస్త్రచికిత్స, టీకా పూర్తయిన కుక్కలను వాటి చోటికే చేర్చాలని, రేబిస్ సోకినవాటికి, క్రూరంగా ప్రవర్తించేవాటికి ఇది వర్తించదని పేర్కొంది.

పిల్లల ప్రాణమూ, కుక్కల ప్రాణమూ పరస్పర విరుద్ధమన్న భావన ఈ చర్చలో తరచు వినబడుతున్నది. మన భాషలో 'ఊరకుక్క' అనేది తిట్టుగా మారింది. అయినా ఆ మాటలో ఒక పాత సత్యం ఉంది. ఆ కుక్కకు యజమాని లేకపోయినా ఊరు ఉంది. ఊరు పెట్టిన ముద్ద తిని, ఊరిని అది కాచింది. నగరాలు ఆ ముద్దను చెత్తకుప్పకు మార్చి, బాధ్యతను ఎవరిదీ కాకుండా చేశాయి. టీకా వేయడం, సంతానాన్ని నియంత్రించడం, చెత్తను తొలగించడం, పెంచిన కుక్కను వీధిలో వదలకుండా యజమానిని బాధ్యుని చేయడం ఆ పాత ఒప్పందంలో మనిషి వంతు పనులు. వాటిని నెరవేర్చినచోట పిల్లలకూ రక్షణ ఉంటుంది.

కాళికి శిలను నిలిపిన మణలేరుడు దాని అర్చనకు భూమిని కూడా ఇచ్చాడు. మమకారానికి ఒక నిత్యమైన ఏర్పాటు అవసరమని పదవ శతాబ్దపు యోధునికి తెలుసు. మన పురపాలక సంఘాల ఆదాయవ్యయ పట్టికలలో ఆ ఏర్పాటుకు తగిన పద్దు కేటాయించినప్పుడే నేటి నిబంధనలు సార్థకమవుతాయి.