ధవళేశ్వరం టైం

టైం జోన్ల గురించి మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. సర్వర్ యూటీసీలో, క్లయింట్ సెంట్రల్ టైంలో, మనం ఐఎస్‌టీలో. మార్చిలో అమెరికా వాడు గడియారం తిప్పితే ఇక్కడ మన మీటింగు గంట ముందుకి జరుగుతుంది. కానీ ఐఎస్‌టీకి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడకి కాస్త తూర్పుగా, తుని దగ్గర్నుంచి పోతుందని మనలో ఎంతమందికి తెలుసు?

రేఖాంశం ఒక డిగ్రీ మారితే సూర్యుడి టైం నాలుగు నిమిషాలు మారుతుంది. ధవళేశ్వరం 81.8 డిగ్రీల దగ్గర ఉంది. అంటే అక్కడ సూర్యుడికీ గడియారానికీ తేడా మూడు నిమిషాలే. ముంబైలో ఈ తేడా దాదాపు 40 నిమిషాలు. అస్సాం తేయాకు తోటల్లోనైతే ఐఎస్‌టీతో వేగలేక గంట ముందుండే 'బాగాన్ టైం' పెట్టుకున్నారు. ఆ లెక్కన మన గోదావరి వాళ్ళంత అదృష్టవంతులు దేశంలో తక్కువ :)

ఐఎస్‌టీ వచ్చింది 1906 జనవరి 1న. అంతకు ముందు రైళ్ళు మద్రాసు టైం మీద నడిచేవి. రాజమండ్రి దగ్గర గోదావరి మీద హేవలాక్ వంతెన 1900లో మొదలైంది. లెక్క ప్రకారం ఆ కొద్ది సంవత్సరాలూ రైలు గడియారం అక్కడి సూర్యుడికంటే ఆరు నిమిషాలు వెనకపడి ఉండాలి. పొలంలో ఉన్న రైతుకి దాంతో పనేముంది? ఆయనకి పొద్దు, జాము, ఘడియ ఉన్నాయి. ఘడియంటే 24 నిమిషాలు, రోజుకి 60 ఘడియలు. ఏరువాక పున్నమికి నాగలి కట్టాలి, అంతే.

ఈ పాత లెక్కని నిజంగా మార్చింది రైలు కాదు, ఆనకట్ట. ఆర్థర్ కాటన్ 1847లో పని మొదలుపెట్టి 1852లో పూర్తిచేశాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలు, మధ్యలో లంకలు. అంతకు ఇరవై ఏళ్ళ క్రితమే 1832-33 కరువు, 1839లో కోరంగి ఉప్పెన చూసిన ప్రాంతం అది. వాన ఎప్పుడొస్తుందా అని ఆకాశం కేసి చూసే రైతు, అప్పట్నుంచి నీళ్ళు ఎప్పుడొదులుతారా అని లాకుల కేసి చూడటం మొదలుపెట్టాడు. పాత ఆనకట్ట స్థానంలో 1982 నాటికి కాటన్ బ్యారేజీ పూర్తయింది. ఈ రోజు తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు కలిపి సుమారు 10 లక్షల ఎకరాలు ఆ గేట్ల మీద ఆధారపడి ఉన్నాయి.

అసలు సంగతి ఇక్కడుంది. గేట్లెత్తిన రోజు ఒకటే, కానీ నీళ్ళు అందరికీ ఒకే రోజు చేరవు. కాలువ మొదట్లో ఉన్నవాడు నారుమడి పోసేసరికి శివారు రైతు ఇంకా ఎండిన బోదె చూసుకుంటూ ఉంటాడు. వంతు తనదాకా రావాలి కదా. ఐఎస్‌టీ ఇద్దరికీ ఒకటే, వ్యవసాయం టైం మాత్రం వారాల తేడా.

ఆలస్యం అక్కడితో ఆగదు. మన ప్రాజెక్టుల్లో ఒక మాడ్యూల్ లేటైతే వెనకున్నవన్నీ ఎలా జరుగుతాయో ఇదీ అంతే. సార్వా లేటైతే దాళ్వా లేటు. వేసవికి గోదావరిలో నీళ్ళు తగ్గి, సీలేరు నుంచి వదిలే నీటి కోసం ఎదురుచూపులు. దాళ్వా కోతలయ్యేదాకా కాలువలు కట్టెయ్యలేరు. కట్టెయ్యకపోతే పూడికలు తియ్యలేరు, లాకులు బాగుచెయ్యలేరు. మళ్ళీ సార్వాకి నీళ్ళు లేటు.

ఇన్ని ఆలస్యాలూ కలిసి చివరికి వెళ్ళి తగిలేది తుఫానుకి. కోనసీమని ముంచిన తుఫాను 1996 నవంబరు 6న వచ్చింది. శివారులో లేటుగా ఊడ్చిన చేను సరిగ్గా ఆ రోజుల్లోనే మాసూళ్ళకి దగ్గరపడుతుంది. మురుగు కాలువలు లాగకపోతే పడిపోయిన చేలో మొలకలొస్తాయి. 2011లో కోనసీమ రైతులు సార్వా వెయ్యకుండా క్రాప్ హాలిడే ప్రకటించారు. గిట్టుబాటు ధర, కూలి ఖర్చుతో పాటు ఈ ముంపు కూడా వాళ్ళ గోడే. 2022లో డెల్టాకి జూన్ 1నే నీళ్ళు వదిలారు. మంచి నిర్ణయమే. అయినా ఆ ఏడాదీ కోనసీమలో క్రాప్ హాలిడే మాట మళ్ళీ వినపడింది. ధవళేశ్వరంలో తేదీ మారినంత మాత్రాన శివారులో తేదీ మారదని దీన్నిబట్టే తెలుస్తోంది.

మనలో చాలామందికి తెలిసిన అమెరికాతో పోల్చి చూద్దాం. కాన్సాస్ కూడా పచ్చి వ్యవసాయ మైదానమే. 105 కౌంటీల్లో పశ్చిమాన నాలుగు మాత్రం మౌంటెన్ టైంలో ఉంటాయి, మిగతావన్నీ సెంట్రల్. ఏ కౌంటీ అయినా టైం జోన్ మార్చమని అడగొచ్చు. వాళ్ళ వ్యాపారానికి, రాకపోకలకి ఏది అనుకూలమో చూసి ప్రభుత్వం నిర్ణయిస్తుంది. అంటే అక్కడ గడియారం జనం పనిని బట్టి మారుతుంది.

మనకి గడియారం మార్చాల్సిన అవసరం లేదు, మూడు నిమిషాలతో ఎవరికీ నష్టం లేదు. మార్చాల్సింది కాలువ క్యాలెండరు. ధవళేశ్వరంలో ఏ రోజు గేట్లెత్తారన్నది కాకుండా, చివరి బోదెకి ఏ రోజు నీళ్ళు చేరాయన్నది లెక్కలోకి తీసుకోవాలి. మనం మాత్రం కోడ్ డెవలపర్ మెషీన్లో నడిచిందని రిలీజ్ అయిపోయినట్టు ఒప్పుకుంటామా? యూజర్‌కి చేరాలి కదా. శివారు రైతు విషయంలోనూ అదే న్యాయం. గేట్లెత్తిన ఫోటో పేపర్లో చూసి డెల్టాకి నీళ్ళొచ్చాయని సంతోషించే ముందు, చివరి ఊళ్ళో ఊడ్పులు మొదలయ్యాయా అని ఒక మాట అడగాలి.