లఊఖ్ నుండి సిరప్ వరకు

దగ్గు మందు సీసాపై కనిపించే ‘సిరప్’ అనే మాటకు మూలం అరబ్బీ ‘షరాబ్’. ఆ భాషలో దానికి పానీయమని అర్థం. లాటిన్ అనువాదకుల చేతుల్లో అది ‘సిరూపుస్’ అయి ఐరోపాకు చేరింది. ‘లఊఖ్’ కూడా ఆ దారినే పోయింది. నాకి తీసుకొనే చిక్కని మందును లఊఖ్ అంటారు. గ్రీకు వైద్యులు ఇట్టి మందులను తేనెతో చేసేవారు. ముస్లిం వైద్యులు వాటిలో చక్కెర పాకం వాడుకను విస్తరింపజేశారు. ఆ చక్కెర మాత్రం భారతదేశం నుండి వెళ్ళినదే. సంస్కృతంలోని శర్కరయే అరబ్బీలో ‘సుక్కర్’ అయింది.

దగ్గు గురించి ఇబ్నెసీనా (980–1037) తన ‘అల్ ఖానూన్’ గ్రంథంలో చెప్పిన విషయం గమనింపదగినది. ఊపిరితిత్తులకు కలిగే హానిని శరీర ప్రకృతి బయటికి నెట్టివేసే చలనమే దగ్గు అని ఆయన భావన. కనుక ప్రతి దగ్గునూ అణచివేయడం వైద్యం కాదు. పొడి దగ్గుకు గొంతును మెత్తబరచాలి, కఫముంటే దానిని వెలికి తేవాలి. నేటికీ యూనానీ హకీములు ఇచ్చే లఊఖె సపిస్తాన్ (సపిస్తాన్ అనగా విరిగి కాయ), అతిమధురం, ఉన్నాబ్ కలిపి కాచే జోషాందా, నోట్లో ఉంచుకొని చప్పరించే హబ్బె సుఆల్ మాత్ర ఈ సూత్రాన్ని అనుసరించినవే.

జిగురైన తీపి పాకం గొంతు పైపొరను కప్పి, లాలాజలాన్ని ఊరించి, దగ్గు పుట్టించే గిలిని కొంతసేపు అణచుతుంది. అది ఊపిరితిత్తుల్లోకి పోదు. సాధారణ జలుబు దగ్గులో సిరప్ వలన కలిగే ఉపశమనంలో ఎక్కువ పాలు ఈ పాకానిదీ, రోగి నమ్మకానిదీ అని ఆధునిక పరిశోధకులు కొందరు అంటున్నారు. అలాగని మూలికలన్నీ వ్యర్థమనరాదు. కఫాన్ని పలుచన చేసే బ్రోంహెక్సిన్ అనే మందు మన అడ్డసరం ఆకులోని వాసిసిన్ ఆధారంగా రూపొందినదే.

నల్లమందు కథ వేరు. యూనానీలో గసగసాల షర్బత్ పాతదే. 1832లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రోబికే నల్లమందు నుండి కోడీన్‌ను వేరు చేశాడు. అది గొంతుపై గాక మెదడుపై పనిచేసి దగ్గును అణచుతుంది. మోతాదు మించితే శ్వాసనూ అణచుతుంది. 12 ఏళ్ళలోపు పిల్లల దగ్గుకు దానిని వాడరాదని 2015లో ఐరోపా ఔషధ నియంత్రణాధికారులు నిర్ణయించారు.

అయితే ఇటీవల పసిపిల్లల ప్రాణాలు తీసినది మందు కాదు, పాకమే. 12వ శతాబ్దంలో అష్షైజరీ ముహ్‌తసిబ్‌ల (బజారు తనిఖీ అధికారుల) కోసం వ్రాసిన గ్రంథంలో షర్బత్ చేసేవారికి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే కేటాయించాడు. పాకంలో కల్తీ రుచికి చిక్కదని ఆనాటివారికి బాగా తెలుసు. డైఎథిలీన్ గ్లైకాల్ అనే పారిశ్రామిక ద్రవం కూడా తియ్యగానే ఉంటుంది, మూత్రపిండాలను మాత్రం పాడుచేస్తుంది. 2022లో గాంబియాలో పదుల సంఖ్యలో చిన్నారులు మరణించగా, భారతదేశంలో తయారైన నాలుగు సిరప్‌లలో ఈ జాతి విషాలున్నట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. దరిమిలా, ఎగుమతి చేసే దగ్గు సిరప్‌లకు ప్రయోగశాల పరీక్షను భారత ప్రభుత్వం 2023 జూన్ 1 నుండి తప్పనిసరి చేసింది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో పిల్లలు అదే విషానికి బలి అయ్యారు. వారు త్రాగిన సిరప్ ఎగుమతికి చేసినది కాదు.