మగ్గము వీడిన ఇల్లు

1611లో మచిలీపట్నమునను, 1613లో సూరతునను ఆంగ్లవర్తకులు కోఠీలు నెలకొల్పిరి. రెండుచోట్లను వారు కోరిన ముఖ్యమైన సరకు నేతబట్ట. ఆనాడు తెలుగుబట్ట రేవు దాటెను. 20వ శతాబ్దమున తెలుగు నేతగాడే ఊరు దాటెను. తెలంగాణమునుండి వెడలిన పద్మశాలి కుటుంబములెన్నో సూరతు మరమగ్గములను ఆశ్రయించి, లింబాయత్ ప్రాంతమున స్థిరపడినవి.

స్వగ్రామమున వారి యిల్లే పనిశాల. గుంటమగ్గము ఇంటిలోనే ఉండెడిది. జపానులోని షిరకావాగో రైతుల యిండ్లును అట్టివే. ఎత్తైన పూరికప్పుల క్రింది అటకలలో పట్టుపురుగులను పెంచెడివారు. ఆ వృత్తి సన్నగిల్లినను ఇండ్లు నిలిచినవి. 1995లో యునెస్కో ఆ పల్లెలను ప్రపంచవారసత్వమున చేర్చెను.

సూరతునందు మగ్గము కర్మాగారమునకు పోయెను. ఇంట భాష మిగిలెను. నగరపాలక సంస్థ నడుపు తెలుగు పాఠశాలలు దానికి ఆధారము. అక్కడ పిల్లలు చేరినంతకాలమే ఆ వారసత్వము నిలుచును.